ఎడమ కాలు

పులివెందుల చలమప్ప జైల్లో ఉన్నా దొరే. అతని ముఠాకు వాటా పెట్టందే ఏ ఖైదీ నోట్లోకీ సంగటి ముద్ద దిగేది కాదు. జమ్మలమడుగు దూదేకుల అల్లాబక్ష్ కొట్లాట కేసులో మూడేళ్లు పడి లోపలికి పోయిన వారానికే ఆ ముఠాలో చేరాడు. తన ముద్ద తనకు దక్కితే చాలనుకున్నాడు, పిరికి వెధవ.

వంటశాలలో పనిచేసే నూరుల్లా అనే ఖైదీ ఈ సంగతి మీద పైవాళ్లకు అర్జీ పెట్టాడు. ఆ వారమే ముఠా అతని మొహాన గోనెసంచి వేసి ఊపిరాడకుండా చంపింది. మూర్ఛ వచ్చి పోయాడని అందరూ చెప్పారు. అల్లాబక్ష్‌కు మాత్రం పదిరోజులు ముద్ద సహించలేదు. పదకొండోరోజు పోలీసులకు నిజం కక్కేశాడు. సర్కారు అతన్ని అప్రూవర్ చేసింది.

ప్రొద్దుటూరు కోర్టులో చలమప్ప వకీలు నవ్వాడు. "నువ్వు తప్పించుకోవడానికి వీళ్లను ఇరికిస్తున్నావు. అసలు నువ్వక్కడ ఉన్నావా?"

"ఉండా సామీ. ఎడమ కాలు పట్టుకున్యది నేనే. మూడుసార్లు తన్నుకున్యాడు. మూడోసారి నా చేతుల్లోనే ఆగిపోయింది."

వెనక బల్ల మీద నూరుల్లా పెళ్లాం హజరాబీ కొంగు నోట్లో కుక్కుకుంది.

కోర్టులోంచి తనను తీసుకుపోతుంటే చలమప్ప అల్లాబక్ష్‌తో మెల్లగా అన్నాడు. "బయటికొస్తావు గదప్పా."

"వస్తా మామా. జమ్మలమడుగులోనే ఉంటా. ఇల్లు తెల్సు గదా."

చలమప్పకు యావజ్జీవం పడింది. విడుదలయ్యాక కర్నూలులో దాచిపెడతామన్నారు పోలీసులు. ఒప్పుకోలేదు అల్లాబక్ష్. దాక్కుంటే తను చెప్పింది అబద్ధమైపోతుందని అతని పంతం. ఇంటికొచ్చి, వీధికి కనిపించేలా పంచలో దూదేకే విల్లు వేలాడదీశాడు. చలమప్ప మనుషులకు భయపడి ఒక్కరూ పరుపు తేలేదు. అయినా రోజూ పొద్దున్నుంచీ ఖాళీ విల్లు మోగిస్తూనే ఉన్నాడు. వచ్చేవాడు వెతుక్కునే పని లేకుండా.

పద్దెనిమిదోరోజు హజరాబీ బస్సు దిగి వచ్చింది. అతని ముందు ఒక దిండు పెట్టింది.

"ఆయప్పది. దూది గడ్డకట్టింది. ఏకియ్యి."

అల్లాబక్ష్ దాన్ని ముట్టుకోలేకపోయాడు. "ఈ చేతుల్తోనా అమ్మా?"

"ఆ చేతులు ఏం చేసినాయో నీ నోటితోనే విన్యా. నిన్ను మన్నించను. ఈ జన్మలో మన్నించను. కానీ నీకు పని ఇచ్చేదానికి ఈడ ఎవురికీ ధైర్యం లేదంట. నేనిస్తాండా."

ఆమె పంచలోనే, వీధికి ఎదురుగా, అందరికీ మొహం కనిపించేలా కూర్చుంది. అతను దిండు కుట్లు విప్పాడు. దూది విల్లు కింద పరిచి, మెల్లగా ఒక్క దెబ్బ వేశాడు.

"గట్టిగా," అంది హజరాబీ వీధివైపే చూస్తూ. "అందరికీ ఇనపడల్ల."