మరియంబీ ఆది జాకెట్టు

ఏలూరు పవర్‌పేటలో జాకెట్లు కుట్టే మరియంబీ డిసెంబరు నాలుగున కొట్టు తెరవదు. క్రిస్మస్ గిరాకీ, గుట్టలుగా బట్టలు, అయినా తెరవదు. ఆరు నూరైనా సరే, ఆ పొద్దున కొర్రమీను పులుసు క్యారేజీలో సర్ది, మొగుడు దాదాపీర్‌ను వెంటబెట్టుకుని కొల్లేటికి పోతుంది. ఆటపాక దగ్గర పడవెక్కి, గూడబాతుల్ని చూస్తూ కడుపునిండా తిని, సాయంత్రానికి ఎండకు కమిలిన మొహంతో తిరిగొస్తుంది. పెళ్లిరోజు కాబోలని జనం అనుకునేవారు. అలా అనుకోనిచ్చింది దాదాపీరే. నిజానికి వాళ్ల పెళ్లి జరిగింది మండువేసవిలో.

2002లో అదే తేదీన బెజవాడ ఆసుపత్రిలో ఆమె కుడి రొమ్ము తీసేశారు. క్యాన్సర్. అడిగినవాళ్లందరికీ దాదాపీర్ గర్భసంచి ఆపరేషన్ అని చెప్పాడు. మా వైపు ఆ మాట చెబితే ఇంక రెండో ప్రశ్న ఉండదు. ఆయన చెడ్డవాడేం కాదు పాపం. జబ్బు పేరు వింటే ఆడవాళ్లు ఆమె చేత్తో కుట్టింది తొడుక్కోరేమోనని భయం. కాదనే ఓపిక అప్పుడు మరియంబీకి లేదు. మందులకు జుట్టు రాలింది, కుడిచేతికి నీరు పట్టింది, మళ్లీ కత్తెర ఆడించడానికి ఏడాది పట్టింది.

దాదాపీర్ ఎక్కణ్ణుంచో స్పాంజి దిండొకటి తెచ్చి, లోపల పెట్టుకుంటే ఎవరికీ తెలియదన్నాడు. ఆమె దాన్ని మిషను పక్కన పెట్టి సూదులు గుచ్చుకోవడానికి వాడుకుంది. తనకు తానే కొత్త జాకెట్టు కుట్టుకుంది. కుడివైపు డాట్లు లేకుండా చదునుగా, ఎడంవైపు ఎప్పట్లాగే. రంగు మామిడిపండు పసుపు. ఏటా డిసెంబరు నాలుక్కి అలాంటిదే ఇంకొకటి. కొంగు మాత్రం రెండు భుజాల మీదుగా నిండుగా కప్పుకునేది. అదొక్కటీ మొగుడి మాట.

ఐదేళ్లు దాటితే సగం గండం గడిచినట్టేనని డాక్టరన్నాడు. 2007లో ఆ ఐదూ నిండుతున్నాయి. ఈసారి పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా పడవ మనదేనని మరియంబీ పది రోజుల ముందే మాట్లాడించింది.

రెండో తేదీన దానమ్మ వచ్చింది. పెదపాడు బడిలో ఆయా. పదేళ్లుగా ఆమె జాకెట్లన్నీ ఇక్కడే. తెల్ల పట్టుగుడ్డ, కొలతకి ఆది జాకెట్టు బల్లమీద పెట్టి, క్రిస్మస్‌కి కావాలంది. వెళ్తూ వెళ్తూ ఒక్కమాట చెప్పింది.

"ఎడం చంక దగ్గర రెండు వేళ్ల వదులు పెట్టండక్కా. కుడివైపు ఉన్నట్టే ఉండనివ్వండి."

ఒళ్లు చేస్తే రెండువైపులా చేస్తుంది. ఒక్క చంకే పట్టెయ్యడమేమిటి? మరియంబీకి తన సంగతి గుర్తొచ్చింది. ఐదేళ్ల కిందట తన జాకెట్టు కూడా కుడి చంక దగ్గర పట్టేస్తే, ఎందుకని అడక్కుండా కుట్టు విప్పి వదులు చేసుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు. దర్జీది కదా, తెలివి! అలా పోగొట్టుకున్న ఆర్నెల్లూ తలుచుకుంటే తనమీద తనకి ఇప్పటికీ మంటే.

కొలత మళ్లీ తీయాలని దానమ్మను తెర వెనక్కి తీసుకెళ్లింది. టేపు చంక కిందికి వెళ్లగానే వేళ్లకు తగిలింది. రేగుకాయంత గడ్డ, రాయిలా ఉంది. దానమ్మ చటుక్కున ఆమె చెయ్యి పట్టేసుకుంది. నొప్పేం లేదట. ప్రార్థన చేయిస్తోందట. పండగ వెళ్లాక చూపించుకుంటుందట. ఈ పండగ వెళ్తే ఇంకో పండగ వస్తుందని మరియంబీకి తెలియదా? గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపడింది.

"కత్తి తగిలితే ఒళ్లంతా పాకుతుందంటక్కా. కోయించుకుని బతికినవాళ్లని ఎవరినైనా చూశారా మీరు?"

బతికినదాన్ని ఎదురుగా పెట్టుకుని అడుగుతోంది మహాతల్లి! అయినా ఆమె తప్పేముంది? ఊరందరికీ గర్భసంచి అని చెప్పుకుంటే, ఇంకోటని ఆమెకెలా తెలుస్తుంది? మరియంబీకి ఆ అబద్ధం మీద పట్టరాని కోపం వచ్చింది. కొంగు తీసేసింది. హుక్కులు విప్పింది.

"చూడు. తల తిప్పుకోకు, చూడు. కోసింది ఇక్కడే. ఎల్లుండికి ఐదేళ్లు. ఎక్కడికి పాకిందో చూపించు."

దానమ్మ చూసింది. వేలితో ఆ మచ్చని ముట్టుకుంది. ఏడుస్తూ, మరి గర్భసంచన్నారు కదా అంది. బుద్ధి తక్కువై అన్నామని మరియంబీ ఒప్పుకుంది.

అంతా విని కూడా ఆసుపత్రికి రానంది. భయం అంత తేలిగ్గా వదులుతుందా? మరియంబీ ఇంక బతిమాలలేదు. పట్టుగుడ్డ మడతపెట్టి బీరువాలో పెట్టి తాళం వేసింది. డాక్టరు కొత్తవాళ్లని చూసేది మంగళవారాలే, నాలుగో తేదీ పొద్దున్నే బెజవాడ రైలుకి స్టేషనుకొస్తే సరి, రాకపోతే ఈ గుడ్డకి కత్తెర పడదు, పాత జాకెట్టుతోనే చర్చికి పొమ్మంది.

ఆ సాయంత్రం ఇంట్లో పోట్లాట. నలుగురికీ తెలిస్తే ఎలా అని దాదాపీర్ గోల. పైగా, ఏడాదికొక్క సంతోషం రోజు, అది కూడా ఆ ఆసుపత్రిలోనేనా అన్నాడు. ఆ మాట మరియంబీకి గుచ్చుకుంది. ఆ తేదీన ఆ మెట్లెక్కనని ఒట్టు పెట్టుకున్నదే.

"ఏవండీ, కొల్లేరు ఎక్కడికీ పోదండి. దానమ్మ పోతుంది" అంది.

నాలుగో తేదీ పొద్దున మామిడిపండు జాకెట్టు తొడుక్కుని, కొంగు ఒక్క భుజం మీదే వేసుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడింది. చూసేవాళ్లు చూశారు. ఆమె చూడనిచ్చింది. రైలొచ్చింది, దానమ్మ రాలేదు. మరియంబీ మెట్లవైపే చూస్తూ నిలబడింది. విజిల్ వేశాక, పట్టుగుడ్డ జాగ్రత్తగా ఉందా అక్కా అంటూ మెట్ల మీంచి పరుగెత్తుకొచ్చింది మనిషి. దాదాపీర్ ఒక చేత్తో క్యారేజీ పట్టుకుని, రెండో చేత్తో ఆమెని పెట్టెలోకి లాగాడు.

ఐదో ఏటి కొర్రమీను పులుసు ఆసుపత్రి వరండాలో తిన్నారు. దానమ్మ రెండుసార్లు వేయించుకుంది. పరీక్షలన్నీ తేలేసరికి నాలుగు రోజులు పట్టింది. మించిపోలేదన్నారు. ఎడమది తియ్యాలి, పదో తేదీన ఆపరేషన్.

తొమ్మిదో తేదీన బెజవాడ వెళ్తూ దానమ్మ కొట్టుకొచ్చింది. కొట్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మరియంబీ బీరువా తాళం తీసి పట్టుగుడ్డ పరిచింది. దానమ్మ తన ఆది జాకెట్టు తీసి సంచిలో పెట్టేసుకుంది.

"అదింక పనికిరాదక్కా. మీది పెట్టి కొయ్యండి."

అందరి ముందే అంది. వాళ్లిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. దాదాపీర్ అలవాటుగా తెర లాగడానికి చెయ్యెత్తి, మరియంబీ మొహం చూసి ఆగిపోయాడు. ఆ చెయ్యి అలాగే కిందికి దించి, సుద్దముక్క తీసి ఆమెకి అందించాడు.

మరియంబీది కుడివైపు చదును. దానమ్మకి కావలసింది ఎడంవైపు. మరియంబీ తన పసుపు జాకెట్టు బీరువాలోంచి తీసి, లోపలిది బయటికి తిరగేసింది. చదునువైపు ఎడంవైపుకొచ్చింది. దాన్ని తెల్ల పట్టు మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసింది.

"వచ్చే ఏడు పదో తేదీన కూడా కొట్టు మూసేస్తానండి" అని మొగుడికి చెప్పి, కత్తెర అందుకుంది.