అమూల్య పేరు మీద గిటార్

మా ఇంట్లో ప్రతి వస్తువూ ఎవరో ఒకరి పేరు మీద ఉంటుంది. నవాబుపేట దగ్గరి చెలక మా మామగారి పేరు మీద, బండి మా ఆయన పేరు మీద, గ్యాస్ కనెక్షన్ నా పేరు మీద. గిటార్‌ను మాత్రం మా బిడ్డ అమూల్య పేరు మీద తెప్పిద్దామనుకున్నాను. ఎనిమిదో తరగతి పిల్ల సంగీతం నేర్చుకుంటానంటే మా ఇంట్లో ఎవరూ మారు మాట్లాడరు. నలభై దాటిన తల్లి తనకే కావాలన్నా కాదనేవాళ్లు లేరు. "మంచిదే" అంటారు. అని ఊరుకోరు. చుట్టాలు వచ్చినప్పుడల్లా టీవీ కట్టేసి నన్ను నడి గదిలో కూర్చోబెట్టి వాయించమంటారు. దానికంటే అబద్ధమే సుఖమనిపించింది.

అమూల్యతో ముందే ఒప్పందం కుదుర్చుకున్నాను. ఎవరేమడిగినా తల ఊపాలి. బదులుగా నెల రోజుల పాటు దాని కంచంలో కాకరకాయ కనబడదు.

నాకు కావలసింది మామూలు గిటార్ కూడా కాదు. హైదరాబాదులో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ గదిలో నాతో ఉన్న రెబెక్క చర్చి పాటల కోసం ఒక పన్నెండు తీగల గిటార్ తెచ్చుకుంది. జంబో అనే పెద్ద రకం. మంచం మీద పెడితే మనిషికి చోటుండేది కాదు. అందులో ప్రతి తీగకూ పక్కనే జోడీ తీగ ఉంటుంది. ఒకసారి మీటితే ఇద్దరు మనుషులు ఒకే మాటను రవ్వంత తేడాతో అన్నట్టు వినిపిస్తుంది. డిగ్రీ పుస్తకాల కంటే శ్రద్ధగా నేను దాని మీదే నేర్చుకున్నాను. పెళ్లయ్యాక మా ఇంట్లో జోడీగా మోగేవి కుక్కరూ సెల్‌ఫోనే. ఇన్నేళ్ల తర్వాత ఆ చప్పుడు నా చేతుల్లో మళ్లీ వినాలనిపించింది. అంతకు మించి కారణం లేదు.

వాడినవి రెండు దొరికాయి. మొదటిది మేముండే వికారాబాదులోనే, రిత్విక్ అనే ఇంజనీరింగ్ కుర్రాడి దగ్గర. నాతో అమూల్యే కాక మా ఆయన హరీష్ కూడా వచ్చాడు. ఆయన తాండూరులో నాపరాయి పాలిషింగ్ యూనిట్‌కు మేనేజరు. ఏ వస్తువునైనా వేలి గణుపుతో కొట్టి వినందే ఆయనకు నమ్మకం కుదరదు. బండ ఖంగుమంటే మంచిది. లోపల పొర విడిస్తే డొల్లగా పలుకుతుంది. దాంతోపాటు మందం చూస్తాడు. మందంగా ఉన్న బండకు విలువెక్కువ.

రిత్విక్ గిటార్ నల్లగా నిగనిగలాడుతోంది. హరీష్ దాని వీపు మీద కొట్టాడు, ఎత్తి బరువు చూశాడు, గుండ్రటి రంధ్రంలో వేలు పెట్టి చెక్కను తడిమాడు.

"మందం మస్తుంది. గిది మన మనుమండ్ల దాక ఉంటది," అన్నాడు.

తన గిటార్‌ను ఎవరైనా మందానికి మెచ్చుకుంటారని రిత్విక్ ఎదురుచూసినట్టు లేదు.

నేను జాకెట్లు కుట్టేటప్పుడు గీతలు గీసే స్టీలు స్కేలును బ్యాగులో వేసుకెళ్లాను. దుమ్ము తుడుస్తున్న వంకతో దాన్ని గిటార్ పొట్ట మీద అడ్డంగా పెట్టాను. స్కేలు తూగుటుయ్యాలలా అటూ ఇటూ ఊగింది. అంటే తీగలు లాగీ లాగీ పై పలక ఉబ్బిపోయింది. మెడ దగ్గర తీగలు ఎత్తుగా లేచి ఉన్నాయి, వాటిని అదిమి పట్టాలంటే వేళ్లకు ప్రాణం పోతుంది. పైగా ఆ మందానికి మోత బయటికే రాదు. ఇవన్నీ అమూల్య తల్లికి తెలిసే అవకాశం లేని సంగతులు కాబట్టి, అమూల్యకు నలుపు నచ్చలేదన్నాను. అమూల్య తల ఊపింది. సంగీతానికి రంగేమిటని హరీష్ దారి పొడుగునా గొణిగాడు.

రెండోది తాండూరులో ఉంది. ఆదివారం ముగ్గురం రైలెక్కాం. అమ్మే ఆయన పేరు కరీముద్దీన్. ఒకప్పుడు ఆర్కెస్ట్రాతో సేడం దాకా పెళ్లిళ్లకు వెళ్లి వాయించేవాడట. ఇప్పుడు ఎడమచేతి వేళ్లు వంగడం లేదు. ఆయన గిటార్‌ను చంటిపిల్లలా దుప్పటిలో చుట్టుకుని తెచ్చాడు. తేనె రంగు వెలిసిపోయింది. మోచెయ్యి ఆనేచోట పాలిష్ లేచిపోయి చెక్క కనబడుతోంది.

హరీష్ గణుపుతో కొట్టాడు. ఖంగుమంది. ఆయన ముఖంలో సంతోషం కనబడేలోపే చేత్తో ఎత్తి చూసి నిరాశపడ్డాడు. మోగుతుంది గానీ బాగా పలుచనని నా చెవిలో చెప్పాడు. పలుచనైన బండను ఆయన బాత్రూముకు కూడా వేయించడు.

కరీముద్దీన్ ఆ మాట పట్టించుకోలేదు. వాయించేది ఎవరని అడిగాడు. నేను అమూల్యను ముందుకు తోశాను. ఆయన దాని చేతులు పట్టుకుని చూసి, గిటార్‌ను మళ్లీ దుప్పటిలో చుట్టడం మొదలుపెట్టాడు.

"పాపకు గిది వద్దు సాబ్. చిన్న చేతులు. గిన్ని తీగలు వత్తాలంటె వేళ్లు కోసుకపోతయి. నాలుగు దినాలు ఏడ్సి అటక మీద పెడ్తది. అటక మీద పెట్టనీకె నేను అమ్ముతలేను."

హరీష్‌కు ఆ నిజాయితీ తెగ నచ్చింది. నిజమేనన్నాడు. గిటార్ పిల్ల కంటే పెద్దగా ఉందని తానూ అనుకున్నాడట. ఆరు తీగల చిన్నది ఏదైనా చూస్తే సరిపోతుందని, ఇప్పుడు బయల్దేరితే వెనక్కి వెళ్లే రైలు దొరుకుతుందని లేచి నిలబడ్డాడు. కరీముద్దీన్ దుప్పటి కొస ముడివేస్తున్నాడు. అమూల్య నా వంక చూసింది. ఈ ప్రశ్నకు తల ఎటు ఊపాలో మా ఒప్పందంలో లేదు.

నేను అల్లిన అబద్ధం నా గిటార్‌ను నా కళ్ల ముందే మూట కడుతోంది.

"అమూల్యకు కాదు," అన్నాను. "నాకు."

హరీష్ మళ్లీ కూర్చున్నాడు.

"నీకా? నీకు వస్తదా?"

"వస్తుండె. ఇప్పుడు వస్తదో రాదో చూడాలె."

"మరి గా ముక్క ముందే చెప్తే ఏమైతుండె?"

"ఏం కాకపోతుండె. మంచిదే అంటుంటివి. గందుకే చెప్పలే."

తను కచ్చితంగా ఆ మాటే అని ఉండేవాడినని ఆయనకు అర్థమైనట్టుంది.

నేను బ్యాగులోంచి స్కేలు తీశాను. దాచాల్సిన పని తీరిపోయింది కదా. కరీముద్దీన్ ముడి విప్పి ఇచ్చాక గిటార్ పొట్ట మీద పెట్టాను. ఊగలేదు, చదునుగా కూర్చుంది.

"మొన్న దుమ్ము తుడుస్తున్నవనుకున్న," అన్నాడు హరీష్.

"నీ మందం గిటార్‌కు పొట్ట ఉబ్బింది. గిటార్ నాపరాయి కాదు. పలుచగుంటెనే పలుకుతది."

కరీముద్దీన్ నవ్వుతూ తీగలు శ్రుతి చేసి నా ఒళ్లో పెట్టాడు. వాయించని రోజుల్లో వాటిని వదులు చేసి ఉంచేవాడట. నా వేళ్ల కొసలు చపాతీ పిండిలా మెత్తబడిపోయాయి. మొదటిసారి మీటితే సగం తీగలు బరబరమని నన్ను వెక్కిరించాయి. రెండోసారీ అంతే. హరీష్ ఇంకోసారి కొట్టి చూద్దామని గణుపు మడిచి గిటార్ వైపు చెయ్యి చాపాడు. సరిగ్గా అప్పుడు నా వేళ్లు వాటి పాత చోట్లు వెతుక్కున్నాయి. ఆ చిన్న గదిలో ఇద్దరు మనుషులు రవ్వంత తేడాతో ఒకే మాట అన్నారు. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చాయ్ తెచ్చిన కరీముద్దీన్ భార్య ఖుర్షీద్ పళ్లెం కింద పెట్టడం మరచి గడపలోనే నిలబడింది.

"తీస్కపో బిడ్డా," అన్నాడు కరీముద్దీన్. "వాయించినంక తీగలు వదులు చెయ్యి, మనిషి లెక్క దానికి భీ ఆరాం గావాలె."

రైల్లో గిటార్ కిటికీ పక్క సీటు ఆక్రమించింది. హరీష్ నిలబడ్డాడు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ అమూల్యను చూసి, నేర్చుకుంటున్నావా బిడ్డా అని అడిగింది. అమూల్య అలవాటుగా తల ఊపింది.

"పిల్లది కాదమ్మా," అన్నాడు హరీష్, పక్క పెట్టె దాకా వినబడేలా. "మా ఇంటామెది."

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మంచిదే," అంది.

ఇన్నాళ్లూ నేను భయపడ్డంత బరువేమీ లేదు ఆ మాటకు. మీద పడ్డట్టే తెలియలేదు.

వికారాబాదు దగ్గరపడుతుంటే, కాకరకాయ సంగతేమిటని అమూల్య నా చెవిలో అడిగింది. గిటార్ దాని పేరు మీద లేదు కాబట్టి ఒప్పందం రద్దయిందని చెప్పాను.