వస్తున్న అత్తమ్మా

బియ్యం చెరుగుతుంటే ప్రణీత్ వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. పెళ్ళయ్యాక మంచినీళ్ళకు కూడా అక్కడిదాకా రాని మనిషి. "ఏం గావాలె?" అన్నాను. "ఏం లేదు, నీ పని నువ్వు చెయ్యి" అంటూ ఫోను పప్పుడబ్బా మీద బోర్లించి పోయాడు. మర్నాడూ అంతే. ఎవరి మెసేజీ నా కంట పడకూడదని ఆ బోర్లించడం? తిప్పి చూద్దామని చెయ్యి చాచి, "అనుమానం పక్షి" అంటాడని వెనక్కి తీసుకున్నాను. ఆ మాట వాళ్ళమ్మ విమలాదేవి నేర్పిందే.

ప్రణీత్‌ది డ్యాన్సు పాటల బ్యాండు. తెలుగు, ఉర్దూ, స్పానిష్ కలిపేస్తారు. మన పాతబస్తీ పెళ్ళి బరాత్‌ల మర్ఫా దరువుకు ఆఫ్రికా డోళ్ళు జోడించి కంప్యూటర్లో తిప్పుతారు. అందులో పాడే స్వీటీ మీదే నా అనుమానమంతా. నేనూ పాడేదాన్ని, కాలేజీలో. పెళ్ళిచూపుల్లో నా పాటే నచ్చిందన్నాడు. కాపురానికొచ్చాక మాత్రం, "అమ్మ ముంగట పాడకు, లొల్లయితది" అన్నాడు. అత్తమ్మ సూటిగానే చెప్పింది. "పత్తర్‌గట్టిల దుకాణమున్నోళ్ళం. మన కోడండ్ల గొంతు ఇంటి గల్మ దాటద్దు." అందుకే నేను కట్టుకున్న పాటలన్నీ చాట చప్పుడు చాటున పాడుకునేదాన్ని. అక్కడైతే ఎవరికీ వినపడదనుకున్నాను.

ఆదివారం మేడగదిలో వాళ్ళ ప్రాక్టీసు. చాయ్ తీసుకుని మెట్లెక్కుతుంటే చాట చప్పుడు వినిపించింది. దాని మీద మర్ఫా, మర్ఫా మీద ఓ ఆడగొంతు.

"కొంగున ముడేసిన మాట కోరి అడిగేదెవ్వరే..."

నా పాట. నా గొంతు. చరణం సగంలో తెగి, "ఆఁ, వస్తున్న అత్తమ్మా!" అంది. ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ తిప్పారు. వస్తున్న అత్తమ్మా, వస్తున్న అత్తమ్మా. గుమ్మం దాకా వెళ్ళేసరికి దానికి స్వీటీ గంతులేస్తోంది. ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఆ బోర్లించిన ఫోనులో ప్రణీత్ దాస్తున్న ఆడమనిషి నేనే.

"మస్తుందన్నా! ఎవరీమె?" స్వీటీ అడిగింది.

"ఎవరో పల్లెటూరామె. పొలంల రికార్డు చేసిన" అన్నాడు ప్రణీత్, అప్పుడే గుమ్మంలో నన్ను చూసి. కళ్ళతోనే బతిమాలాడు. నోరు మూసుకొమ్మని బతిమాలడం నాకు కొత్తేం కాదు. అలవాటు కొద్దీ ట్రే పెట్టి వెనక్కి తిరిగాను కూడా.

అంతలో కింది నుంచి అత్తమ్మ కేక. "కీర్తీ, చాయ్ ఇయ్యనీకి ఎంత సేపే?"

రోజూ పలికినట్టే పలికాను, అదే రాగంలో.

"ఆఁ, వస్తున్న అత్తమ్మా!"

స్వీటీ ఓసారి ప్రణీత్‌ని చూసింది. తర్వాత నన్ను చూసి, తన ముందున్న మైకు నావైపు జరిపింది. "వదినా, సగంల ఆపినవ్. మిగిలింది పాడు."

కింద అత్తమ్మ మళ్ళీ పిలిచింది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.