ప్రయాణికులు కావలెను

మధ్యాహ్నానికి వెర్లీన్ చుట్లు లెక్కపెట్టడం మానేసింది. పొద్దుటి నుంచీ తిరిగిన చోటే తిరగడం మరి. ఊరి నడిబొడ్డున, మేడల నడుమ, ఎత్తైన స్తంభాల మీద గుండ్రంగా పరిచిన పట్టాలు. వాటి మీద రెండు పెట్టెల బండి. కట్టిన నాటి నుంచీ అది ఖాళీగానే తిరుగుతోంది. ఇవాళ మాత్రం సీటు సీటుకీ మనిషి ఉన్నాడు. అందరూ కూలికొచ్చినవాళ్ళే.

అవును, కూలికే. వాషింగ్టన్ నుంచి పెద్దమనుషులు వస్తున్నారు. బండి కిటకిటలాడుతూ కనిపిస్తే ఇంకో విడత డబ్బిస్తారు. జనం ఈ బండి ఎందుకు ఎక్కుతారు? బస్సు టిక్కెట్టు ఇందులో చెల్లదు, స్టేషన్లలో లిఫ్టులు కదలవు. ఇవి బాగు చెయ్యండి మహాప్రభో అని ఊరివాళ్ళు మీటింగుల్లో గొంతు చించుకుంటే, బండి నడిపేవాళ్ళు దానికి కొత్త రంగు వేయించారు. ఆ పైన రోజుకూలీలను పంపే ఆఫీసుకి ఫోను చేసి, నలభై మంది ప్రయాణికులు కావాలన్నారు. మనిషికి తొంభై డాలర్లు. సిగ్గు అనేది ఉంటే కదా!

పొద్దున్నే మేస్త్రీ డెల్మార్ అందరి చేతులకీ పసుప్పచ్చ పట్టీలు కట్టి, ఫోన్లు ఒక సంచిలో వేయించుకుని పాఠం చెప్పాడు.

"మామూలుగా కూర్చోండి. చూస్తే ఈ ఊరివాళ్ళలా కనబడాలి."

"మేం ఈ ఊరివాళ్ళమే కదయ్యా," అన్నాడు రాస్కో. కార్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక దొరికిన పనల్లా చేస్తున్న ముసలాయన అతను.

"నీ జోకులు ఇంటికెళ్ళి మీ ఆవిడకి చెప్పుకో పెద్దాయనా. పనికి పోతున్నట్టుండాలి, అంతే. మధ్యలో దిగినవాళ్ళకి కూలీ లేదు, మళ్ళీ పిలిచేదీ లేదు."

"పనికి పోతున్నట్టుండటమే పనన్నమాట. ఇన్నాళ్ళకి నాకు తగ్గ ఉద్యోగం దొరికిందిరా దేవుడా!"

అందరితోపాటు వెర్లీన్ కూడా నవ్వింది. ఆమెకు ఆ తొంభై డాలర్లు కావాలి. బాకీ పడిందని గ్యాసు కంపెనీవాళ్ళు గొట్టం మూసేసి పోయారు. ఇంట్లో చలికి నోరు తెరిస్తే పొగ వస్తోంది. తల్లి ఒడెస్సా కోటు తొడుక్కునే పడుకుంటోంది. ఇవాళ్టి కూలీ చేతిలో పడితే సాయంత్రానికి హీటరు వెలుగుతుంది. ఆ ముసలిదానికి రెండు మూత్రపిండాలూ పోయాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించుకుంటేనే బతుకు. ఎప్పుడూ వెంట వెర్లీనే వెళ్ళేది. ఇవాళ మాత్రం, "ఒక్కదానివే వెళ్ళొచ్చెయ్యమ్మా, ఈ ఒక్కరోజుకీ," అని బతిమాలి పంపింది.

ఆసుపత్రి స్టేషను వంపు తిరుగుతుండగా కిందికి చూసింది వెర్లీన్. బస్టాపు స్తంభం పక్కన ఊదారంగు టోపీ కనబడింది. అమ్మే. వైద్యం అయిపోయినట్టుంది. పోనీలే, బస్సు వచ్చేస్తుంది అనుకుంది.

బండి ఊరంతా చుట్టి మళ్ళీ అక్కడికే వచ్చింది. అమ్మ స్తంభానికి ఆనుకుని ఉంది. ఊరి పక్క ఏటి మీంచి వచ్చే గాలికి మంచు అడ్డంగా కొడుతోంది. ఆ పై చుట్టుకి స్తంభాన్ని కావలించుకుని నిలబడి ఉంది. పైన వెచ్చటి పెట్టెలో కూర్చున్న వెర్లీన్‌కి ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

"డెల్మార్, అదిగో కింద మా అమ్మ. ఒక్కసారి దిగి బస్సెక్కించి వచ్చేస్తాను."

"కుదరదక్కా. పెద్దాళ్ళు భోజనం ముగించి బయల్దేరుతున్నారట."

"వాళ్ళ భోజనం తగలబడ! చిన్నప్పుడు మా అమ్మ చేతి మొక్కజొన్న రొట్టె తిని పెరిగావురా నువ్వు."

"తిన్నాను, కాదన్నానా? నాకూ ఇంట్లో అమ్మ ఉందక్కా. అందుకే ఈ దిక్కుమాలిన పని చేస్తున్నా. నిన్నొదిలితే నా పని ఊడుతుంది. కూర్చో."

కూర్చుంది. ఏం చేస్తుంది? మళ్ళీ వంపు వచ్చేసరికి అమ్మ నిలబడి లేదు. రోడ్డు పక్కకి ఊడ్చిపోసిన మంచుకుప్ప మీద కూలబడి ఉంది. తల మోకాళ్ళ మీదికి వాలిపోయింది. జనం ఆవిడను తప్పుకుని నడిచిపోతున్నారు. వెర్లీన్ చటుక్కున లేచింది. తలుపు తెరుచుకోగానే డెల్మార్‌ను పక్కకు తోసి మెట్ల మీదుగా కిందికి పరుగెత్తింది.

"అమ్మా! ఏయ్ అమ్మా!"

ఒడెస్సా మెల్లగా కళ్ళు తెరిచింది. పెదాలు నల్లబడి ఉన్నాయి. "ఏమే, పనికి పోలేదూ?"

"బస్సు రాలేదా?"

"రెండొచ్చాయి. లోపల కాలు పెట్టే చోటు లేదని ఆపకుండానే పోయారు."

"లే, పైకెళ్దాం. ఆ బండిలో రెండు స్టేషన్లు పోతే బస్సు డిపో. అక్కడ లోపల కూర్చోవచ్చు."

"ఆ మెట్లు నా వల్ల కాదే."

"లిఫ్టు ఉంది."

"అది చచ్చి ఏళ్ళయింది కదే."

"పెద్దమనుషులొస్తున్నారని ఇవాళ లేపారు. లే."

తల్లిని దాదాపు ఎత్తుకుని లిఫ్టులో పైకి తెచ్చింది. బండి చుట్టి వచ్చి ఆగింది. ఖాళీ అయిన తన సీటులోనే ఆవిడను కూర్చోబెట్టింది. డెల్మార్ పరుగున వచ్చాడు.

"పట్టీ లేనివాళ్ళని ఎక్కించకూడదక్కా! దించెయ్ ఆవిణ్ణి."

"టిక్కెట్టు కొంటాను."

"ఇవాళ టిక్కెట్లు అమ్మట్లేదు."

జనం కోసం కట్టిన బండిలో, జనం ఎక్కుతున్నారని చూపించే రోజున, జనానికి టిక్కెట్టు లేదు!

డెల్మార్ ఆవిడ రెక్క పట్టుకున్నాడో లేదో, లిఫ్టు మళ్ళీ తెరుచుకుంది. నల్లకోట్ల పెద్దమనుషులు నలుగురు దిగారు. వాళ్ళలో ముందు నడుస్తున్నావిడ నిండిన పెట్టెను చూసి మురిసిపోయింది. సరాసరి ఒడెస్సా దగ్గరికే వచ్చి వంగింది.

"మీరు రోజూ ఈ బండిలోనే వస్తారామ్మా?"

"లేదు తల్లీ, ఇవాళే ఎక్కాను. ఇదిగో, ఈ అబ్బాయి దిగమంటున్నాడు. దిగిపోతాంలే, కాస్త వేళ్ళు వెచ్చబడనీ."

డెల్మార్ పెద్దగా నవ్వాడు.

"పాపం, ఆవిడకి మతి సరిగ్గా ఉండదు మేడమ్. రోజూ వస్తుంది, మర్చిపోతూ ఉంటుంది. కూతురు ఇక్కడే ఉంది, అడగండి." వెర్లీన్ చెవి దగ్గరకు వంగి గొణిగాడు. "ఔననేయక్కా. నీ కూలీ నీకిప్పిస్తాను. ఆవిణ్ణి డిపో దగ్గర దింపిస్తాను, ఒట్టు."

వెర్లీన్ చుట్టూ చూసింది. పొద్దుటి నుంచీ నవ్వించిన రాస్కో ముఖంలో నెత్తురు లేదు.

"ఔననేయ్ తల్లీ," అన్నాడు, పెదవి కదిలీ కదలకుండా. "నీకు పుణ్యముంటుంది. మా అందరి నోటి దగ్గర కూడూ లాగెయ్యకు."

ఒక్క మాట. అమ్మకి పిచ్చి అంటే చాలు, సాయంత్రానికి ఇల్లు వెచ్చబడుతుంది. వెర్లీన్ తల్లి ముఖంలోకి చూసింది. ఆవిడ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటోంది. వేళ్ళ కొనలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వెర్లీన్‌కి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

"మా అమ్మకి మతి బాగానే ఉంది," అంది గట్టిగా. "ఈ బండిలో నిజంగా ప్రయాణం చేసేది ఆవిడొక్కతే. మేమంతా కూలికొచ్చాం."

నల్లకోటావిడ వెనక్కి తిరిగి తన పక్కవాళ్ళ ముఖాలు చూసింది. చివరి సీటులోంచి ఎవరో పచ్చిబూతు తిట్టారు. తిట్టింది వెర్లీన్‌నే. రాస్కో ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. తెరిచిన తలుపుల్లోంచి మంచుగాలి లోపలికి కొడుతోంది.

"ఏమే," అంది ఒడెస్సా, కళ్ళు మూసుకునే. "డిపో వచ్చేసిందా?"