ముడి వేసిన చెయ్యి

అటూ ఇటూ చూడకు, నిన్నే అంటున్నాను. పొద్దున పాలప్యాకెట్ మూల కత్తిరించి, ఆ ముక్కను ఎవరూ చూడలేదనుకుని కిటికీలోంచి విసిరింది నువ్వే కదా? నిన్న బస్సులో పల్లీలు తిని పొట్టు సీటు కింద దులిపింది నీ చెయ్యే కదా? మళ్లీ మోరీ నిండితే మున్సిపాలిటీని తిడతావు, దోమ కుడితే సర్కారును తిడతావు, కాలికి ఏదో మెత్తగా తగిలితే పొద్దున్నే ఎవరి మొహం చూశానో అంటావు. వరంగల్ కాశిబుగ్గలో ఒక సందు ఉంది, అందులో పుట్టి ఉంటే నీకు ఈ పాడు అలవాటు అయ్యేదే కాదు. అక్కడ పారేసిన చెత్త తిరిగి ఇంటికి వస్తుంది.

చెత్తను సంచిలో వేసి ముడి వేస్తామా, ఆ ముడి వేసిన చెయ్యి ఎవరిదో సంచికి గుర్తుంటుంది. చెత్త ఆటోలో వేస్తే దాని దారిన అది పోతుంది. రోడ్డు పక్కనో, మోరీలోనో, పక్కవాడి గోడవతలో పడేస్తే మాత్రం మెల్లగా లేచి, నీళ్లు కార్చుకుంటూ, ఈడ్చుకుంటూ ఇల్లు వెతుక్కుని వచ్చి గడప ముందు కూర్చుంటుంది. ఎండకాలంలో తొందరగా వస్తుంది. వానకాలంలో బరువెక్కి ఆలస్యంగా వస్తుంది. దీన్ని సందులోనే కాదు, చుట్టుపక్కల కాలనీల్లోనూ ఎవరూ వింతగా చూడరు. సైకిళ్లు పక్కకు తప్పుకుంటాయి, అంతే. "ఎవలిదే గిది, పొద్దుగాల్నే బయలెల్లింది?" అని ఒకరు అడిగితే, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇంకొకరు ఇంటి పేరు చెబుతారు. ఒకసారి అట్లా పరువు పోయినవాళ్లు మళ్లీ ఆ తప్పు చెయ్యరు.

ఏసమ్మ ఆ సందులోనే, బాబా మియా ఇంటి వెనక గదిలో కిరాయికి ఉంటుంది. ఆమె భర్త పౌలు మార్కెట్లో మిర్చి బస్తాలు మోసిన హమాలీ. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. కుడి పక్క అంతా కట్టెలా అయింది, ఎడమ చెయ్యి కూడా కొంచెమే లేస్తుంది. అట్లాంటి మనిషిని చూస్తే ఎవరూ గది ఇవ్వరు. కిరాయి ఇంట్లో చావు జరిగితే ఇల్లు పాడు పెట్టాల్సి వస్తుందని ఓనర్లకు భయం. ఏసమ్మ తిరగని గల్లీ లేదు. గది ఖాళీగానే ఉంటుంది, మంచం సంగతి వినగానే వాళ్లకు ఎక్కడి నుంచో చుట్టాలు వచ్చేస్తారు. బాబా మియా ఒక్కడే, మగ్గం మీద నుంచి లేవకుండానే అన్నాడు: "సావు అల్లా చేతుల ఉంది, గది నా చేతుల ఉంది. ఉండు. గని సాఫ్ ఉండాలె. నాకు గలీజు పడదు."

గలీజు పడకపోవడానికి కారణం ఉంది. ఆయన జంపఖానాలు నేస్తాడు. రంగు అద్దిన నూలు వాకిట్లో దండేల మీద ఆరుతూ ఉంటుంది. ఏసమ్మ గదికి పోవాలంటే ఆ నూలు మధ్య నుంచే దారి.

ఏసమ్మకు పొద్దు పొడవడమే చిరాకుతో పొడుస్తుంది. నల్లా వస్తుంది, బిందె సగం నిండగానే పోతుంది. స్టవ్ వెలిగించబోతే లైటర్ టకటకమంటుంది తప్ప అంటుకోదు. పౌలు ముఖం కడిగి, పక్క మార్చి, జావ తాగించి బయటపడేసరికి చెప్పు పట్టీ ఊడుతుంది. దానికి పిన్నీసు గుచ్చి నడుస్తుంది. ఇవన్నీ ఆమె ఓర్చుకుంది. మనుషులు ఓర్చుకోవలసినవే అవి.

ఆమె మెయిన్ రోడ్డు అవతల కాలనీలో కిషన్ రావు ఇంట్లో పని చేస్తుంది. కిషన్ రావు పెద్ద కొలువు చేసి దిగినవాడు. ఇస్త్రీ మడత నలగదు, జుట్టు చెదరదు. రోజూ స్కూటీ మీద ఖిలా వరంగల్ దాకా పోయి కోటలో వాకింగ్ చేసి వస్తాడు. ఆరోగ్యం మీద అంత శ్రద్ధ. చెత్త ఆటో మనుషులు తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇమ్మంటే మాత్రం ఆయనకు కోపం. "పన్ను కట్టేది నేను, ఏరుకునుడు గూడ నేనేనా?" అని వాళ్లతో కొట్లాడి, ఆటోకు గేటు తెరవడమే మానేశాడు.

ఏసమ్మకు ఈ సంగతి తెలియదు. ఆమె పని అయ్యాక వంటింట్లోని చెత్తంతా సంచిలో నింపుతుంది. "ఏసమ్మా, ముడి గట్టిగెయ్యి" అని కిషన్ రావు హాల్లోంచి కేకేస్తాడు. ఆమె గట్టిగా ముడి వేసి గేటు పక్కన పెడుతుంది. సార్ ఎంత శుభ్రమో అనుకునేది పిచ్చిది.

అట్లా ఉండగా ఒక రోజు ఆమె ఇంటికి వచ్చేసరికి గడప మీద సంచి కూర్చుని ఉంది.

ఏముందో చెబుతాను, మొహం తిప్పుకోకు. చేప తలలు, బూజు పట్టిన బ్రెడ్డు, దువ్వెనలోంచి తీసిన జుట్టు ఉండలు, చీకి పారేసిన మటన్ బొక్కలు. వీటన్నిటి మీద, కిషన్ రావు కూతురు శిరీష హనుమకొండ నుంచి పసిపిల్లతో వచ్చి పోయినట్టు గుర్తుగా, నిండిన డైపర్లు. సంచి పక్క చిరిగి పచ్చటి నీళ్లు గదిలోకి పారాయి. ఆ వాసనకు వచ్చిన ఈగలు పౌలు కంటి కొనల మీద, పెదవుల మీద వాలాయి. తోలుకోవడానికి ఆయన చెయ్యి అంత పైకి లేవదు. నోరు మూసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని పడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి అట్లా ఉన్నాడో దేవునికే తెలియాలి.

ఏసమ్మ ముడి చూసింది. తన ముడే. సంచి అడుగున కోట కందకంలోని నాచు పట్టి ఉంది. వాకింగ్ ఎక్కడికి పోతున్నదో, స్కూటీ హుక్కుకు ఏం వేలాడుతున్నదో ఆమెకు అప్పుడు అర్థమైంది.

మర్నాడు అంట్లు తోముతూ అడిగింది. "సార్, నిన్నటి చెత్త ఆటోల ఎయ్యలేదా?"

"ఏసిన. ఎందుకు?"

"మా ఇంటికొచ్చింది సార్."

కిషన్ రావు పేపర్ దించలేదు. "ఆటోవాడు ఏడ బారేసిండో ఏమో. నీ చెత్త నీ ఇంటికి రాక మా ఇంటికొస్తదా?"

పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్న ఆయన భార్య పద్మలత తల ఎత్తి, మళ్లీ దించుకుంది. ఆమెకు అంతా తెలుసు. తెలిసీ చిక్కుడుకాయలు తుంచింది.

ఏసమ్మ తప్పు లేదని నేను అనను. ఆ రోజే ముడి మానెయ్యవలసింది. ఈ పని పోతే కాలనీలో ఇంకో ఇల్లు దొరకకుండా చేస్తాడని భయపడింది. భయపడి మళ్లీ వేసింది. సంచులు మళ్లీ వచ్చాయి. ఆమె ప్రతిసారీ ఆ కుళ్లును చేతులతో వేరు చేసి, మర్నాడు సందులోకి వచ్చే ఆటోలో వేసి, గడప కడిగి, పౌలు మొహం కడిగింది. ఎన్నిసార్లు కడిగినా అన్నంలో ఆ వాసనే.

ఒకరోజు సంచి దారి తప్పి వాకిట్లోని నూలు కిందుగా వచ్చింది. ఆరబెట్టిన తెల్ల నూలుకు చారలు చారలుగా పచ్చ మరక అంటింది. పెళ్లి వాళ్లు చెప్పి చేయించుకుంటున్న జంపఖానా నూలు అది. బాబా మియా చేతుల్లోకి తీసుకుని వాసన చూసి, అక్కడే వాంతి చేసుకున్నంత పని చేశాడు.

"ఏసమ్మా! గీ ముడి నీదా, కాదా?"

"నాదే చాచా."

"నీ మొగడు లేవలేడని గది ఇచ్చిన. గిట్ల నా నోట్ల మన్ను గొడతావా? శుక్రవారం నమాజుకు పొయ్యొచ్చేసరికి గది ఖాళీ ఉండాలె."

బాబా మియా భార్య వజీరా అడ్డం వచ్చింది. "మంచం బట్టుకొని యాడికి పోతదయ్యా? జర సోంచాయించు."

"నేను సోంచాయించుడేంది? సోంచాయించేది ఆమె. చెత్త అబద్ధం చెప్పదు."

ఏసమ్మ గదిలోకి పోయింది. ముడి తనది కానప్పుడు కదా కాదనడానికి. రాత్రి పౌలుకు అన్నం పెట్టబోతే ఆయన తినలేదు. వంకర పోయిన నోటితో, ఒక్కో మాట లాగి లాగి అన్నాడు. "నువ్వు... ఎందుకు... ఎయ్యాలె?"

అంతే అన్నాడు. ఈగలు వాలింది ఆయన మొహం మీద కదా, ఆ మాట అడిగే హక్కు ఆయనకే ఉంది.

పొద్దున కిషన్ రావు ఇంట్లో ఏసమ్మ చెత్త నింపింది. సంచి మూతి తెరిచే ఉంచి, చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది.

"ముడెయ్యలేదేందే?"

"మీ ముడి మీరేసుకోండ్రి సార్."

"ఏందీ?"

"తిన్నది మీరు, పారేసేది మీరు. నడుమ నా చెయ్యెందుకు? నా మొగని మొహం మీద మీ ఇంటి ఈగలు వాలతానయ్."

"నాలుక బాగనే లేస్తాంది! పొయ్యేటప్పుడు గేటు పెట్టి పో. మళ్ల ఈ కాలనీల నీకు పని ఎట్ల దొరుకుతదో నేను సూస్త."

"చూడుండ్రి సార్. ముక్కు మూసుకోకుంట చూడుండ్రి." ఏసమ్మ గేటు పెట్టే పోయింది. అట్లాంటి మనిషి చెప్పినా, మర్యాద మర్యాదే.

శుక్రవారం వచ్చింది. సామాన్లు సర్దుకుని, మంచం పట్టడానికి మనుషుల కోసం చూస్తూ ఏసమ్మ గడపలో కూర్చుంది. సంచి మాత్రం రాలేదు. ముందు రోజు కూడా రాలేదు. బాబా మియా నమాజు నుంచి వచ్చి వాకిట్లో నిలబడి, నేల మీద తడి కోసం వెతికి, ఏసమ్మ చేతుల వైపు చూశాడు.

"పని పొయ్యిందటగద?" అన్నాడు.

"నేనే ఒద్దనుకున్న చాచా."

"ఎవలింటి చెత్తది? ముందుగాల్నే నాకు చెప్పొద్దా?"

"ముడి నాదే గద. ఏమని చెప్పాలె?"

ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "సామాను లోపల పెట్టుకో. వజీరా, పౌలుకు చాయ్ ఇయ్యి" అని మగ్గం దగ్గరికి పోయాడు. క్షమించమని ఆయన అడగలేదు. మరక పడిన నూలు సంగతి మళ్లీ ఎత్తనూ లేదు.

ఇక కిషన్ రావు. కొత్తగా కుదిరిన పనిమనిషి సుకన్య మొదటి రోజే చెప్పేసింది, అంట్లు తోముతా గానీ ముడి వెయ్యనని. సందులో మాట కాలనీకి చేరడానికి ఎంతసేపు? కిషన్ రావు తనే ముడి వేస్తే చెత్త తన గేటుకే వస్తుంది. ఆటోవాళ్లకు గేటు తియ్యడానికి అహం అడ్డం. అప్పుడు ఆయన తెలివి పని చేసింది. చెత్తబుట్టనే స్కూటీ మీద పెట్టుకుని పోయి, కందకంలోకి బోర్లించాడు. ఎప్పుడో రాజులు కోట చుట్టూ తవ్వించుకున్న నీటిలోకి, తను చీకిన బొక్కలు. వచ్చి పద్మలతతో నవ్వుతూ అన్నాడు: "సంచి లేదు, ముడి లేదు. ఇగ ఇల్లెట్ల దొరుకుతదో సూస్త."

నిజంగానే ఏమీ రాలేదు. గేటు ముందు శుభ్రంగా ఉంది. కిషన్ రావు రోజూ బుట్ట బోర్లించాడు, రోజూ వాకింగ్ చేశాడు.

ఒక పొద్దున దోశ ముక్క తుంచి నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. చేప తలల వాసన. దోశ మార్చారు, చట్నీ మార్చారు, ప్లేటు మార్చారు. వాసన చేతిది. సబ్బు పెట్టి కడిగాడు, నిమ్మకాయ రుద్దాడు, ఇటుక పొడితో తోలు లేచేలా తోమాడు. దవాఖానలో డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి, తన ముక్కు దూరంగా పెట్టుకుని, చెయ్యి బాగానే ఉందన్నాడు. ఆ మాట విని బాబా మియా నూలు సర్దుతూ అన్నాడట, "ముడి ఉంటే ఇంటికొస్తది. ముడి లేకపోతే సక్కగ చేతికొస్తది. యాడికి పోతది మరి?"

కిషన్ రావు చెంచాతో తినబోయాడు. చెంచా పట్టేది ఆ చెయ్యే. ఎడమ చేత్తో తినబోయాడు. బుట్ట బోర్లించింది రెండు చేతులతో.

సుకన్య పని మానేసింది. ఎవరూ కుదరలేదు. చివరికి పద్మలత తనే సందులోకి నడిచి వచ్చి ఏసమ్మ గడప ముందు నిలబడింది. "మనుమరాలికి అన్నప్రాశన పెట్టుకున్నం ఏసమ్మా. ఇంటెడు చుట్టాలు. రావే. తడి చెత్త, పొడి చెత్త నేనే వేరు చేసి, నేనే ముడి వేసి ఆటోకిస్తాన్న. నీ చెయ్యి దాన్ని ముట్టదు." ఏసమ్మ పౌలు వైపు చూసింది. ఆయన కళ్లతో సరేనన్నాడు. వెళ్లింది.

అన్నప్రాశన నాడు కిషన్ రావు పట్టుపంచె కట్టుకున్నాడు. చేతులకు అత్తరు పూసుకున్నాడు. మొదటి ముద్ద తాతదే. ఆ ఇంట్లో అందరికీ తాతలే పెట్టారు, శిరీషకూ ఆమె తాతే పెట్టాడు. పసిపిల్ల తాతను చూసి బోసినోరు తెరిచి నవ్వింది. ఆయన వెండి గిన్నెలోంచి పాయసం వేలికి అద్ది ముందుకు చాచాడు.

పిల్ల నవ్వు ఆగిపోయింది. పెదవులు బిగించి తల పక్కకు తిప్పింది. ఆయన ఆ పక్కకు తెచ్చాడు. పిల్ల ఎగిసిపడి ఏడ్చి, తాగిన పాలన్నీ ఆయన పట్టుపంచె మీద కక్కింది. చుట్టాలు ఒక్కొక్కరే కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

"నాన్నా, నువ్వొద్దులే" అంది శిరీష పిల్లను లాక్కుంటూ. "అమ్మ పెడుతది. నువ్వు జర దూరం జరుగు." ఆ పాయసం గిన్నె కూడా మార్చమని ఏసమ్మకు అందించింది. ఏసమ్మ కొత్త గిన్నె తెచ్చి పద్మలత చేతికిచ్చింది. పద్మలత చేతి ముద్దను పిల్ల చప్పరించి తిన్నది.

శిరీష ఆ తర్వాత పిల్లను ఆ ఇంటికి తేలేదు. కిషన్ రావు ఇప్పుడు కందకం వైపు పోడు. ఆటో వస్తే తనే గేటు తెరుస్తాడు, కానీ వాసన పోలేదు. కాళ్లూ చేతులూ సక్కగా ఉన్న మనిషి, రెండు పూటలా వరండాలో స్టూలు మీద, చేతులు వీపు వెనక పెట్టుకుని, నోరు తెరుచుకుని కూర్చుంటాడు. పద్మలత కొంగు ముక్కుకు కట్టుకుని, మొహం అటు తిప్పుకుని, ముద్ద కలిపి ఆ నోట్లో పెడుతుంది.