తనంతట తాను పడుకునే మనిషి

పరాయి దేశంలో ఒక వృద్ధాశ్రమంలో ఆయాగా చేరిన మొదటి వారంలోనే చిట్టి నవ్వులపాలయింది. అక్కడి ముసలివాళ్లు మాట్లాడేది స్పానిష్. అక్కడే పనిచేస్తూ ఆ ఉద్యోగం ఇప్పించిన వదినే నాలుగు ముక్కలు నేర్పింది. సాయంత్రం కిటికీ పక్క మంచం దగ్గరికి వెళ్లి, "మిమ్మల్ని పడుకోబెడతాను" అనబోయి, "మె అక్వెస్తో" అంది. ఆ మంచం మనిషి ఒకప్పుడు పడవ సరంగు. ఆయన ముఖంలో నవ్వన్నది లేకుండా పక్కకు జరిగి, దిండు సర్ది, చోటు చూపించాడు. గదిలో మిగతా ముగ్గురూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

"నేను పడుకుంటాను అన్నావే పిచ్చి మొహమా," అంది వదిన. "మనకి పడుకోవడం వేరు, పడుకోబెట్టడం వేరు. వాళ్లకి రెంటికీ మాట ఒకటే. ముందు 'మె' తగిలిస్తే నువ్వు పడుకున్నట్టు. 'లో' తగిలిస్తే ఆయన్ని పడుకోబెట్టినట్టు."

చిట్టి నేర్చుకుంది గానీ, సరంగు దగ్గర ఆ మాటతో పని పడలేదు. ఆయన ఒక చేత్తో మంచం పట్టుకుని, ఒక కాలు పైకెత్తి, రెండో కాలిని చేత్తో లాక్కుని, ఆయాసపడుతూ తనే ఎక్కేవాడు. ఎక్కాక "మె అక్వెస్తో" అని గదికంతటికీ చాటేవాడు. రోజు మొత్తంలో చిట్టికి నచ్చిన పని, గుమ్మంలో నిలబడి అది చూడటమే.

అంతలో పక్క గదిలో ముసలమ్మ ఒకావిడ మంచం దిగుతూ పడి తుంటి విరగ్గొట్టుకుంది. మేనేజరమ్మ అన్ని మంచాలకూ అటూ ఇటూ కమ్మీలు బిగించింది. ఇకమీదట ఎవరూ సొంతంగా ఎక్కకూడదు, దిగకూడదు.

"సరంగు తాతకి కాళ్లు బాగానే ఉన్నాయి. వాడకపోతే అవీ పోతాయి," అని చిట్టి వదిన చేత చెప్పించింది.

"పడితే ఆయన పిల్లలు ఊరుకుంటారా?" అంది మేనేజరమ్మ. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

ఆ సాయంత్రం సరంగును ఎత్తడానికి చిట్టి ఆయన నడుం కింద చెయ్యి వెయ్యబోతే విదిలించాడు. "మె అక్వెస్తో," అన్నాడు.

"నా ఉద్యోగం పోతుంది తాతా," అంది చిట్టి తెలుగులోనే. మాట అర్థం కాకపోయినా ముఖం అర్థమైంది కాబోలు, ఆయన మంచం పట్టుకున్న చేతులు వదిలేశాడు.

చలికాలం వచ్చేసరికి ఆ కాళ్లు పుల్లల్లా అయ్యాయి. ఒకరోజు ఆమె దగ్గరికి రాకముందే సరంగు రెండు చేతులూ చాచి, "అక్వెస్తమే," అన్నాడు. నన్ను పడుకోబెట్టు అని.

"పోనీలే, నీకిక పేచీ తప్పింది," అంది వదిన.

మర్నాడు ఎవరూ చూడకుండా కమ్మీ దించి, ఆయన చేతిని మంచం మీద ఆనించింది. "మీరే ఎక్కండి తాతా. నేను పట్టుకుంటాను." సరంగు ఆ చేతిని పరాయివాళ్ల చేతిని చూసినట్టు చూశాడు. మోకాళ్లు వణికి కూలబడబోతే ఆమే ఎత్తి పడుకోబెట్టింది. పసిపిల్లాడంత తేలిగ్గా ఉన్నాడు.

ఆ తర్వాత ఆయన పొద్దున లేపినా, పడుకోబెట్టమనే అడిగేవాడు. చూడటానికి వచ్చిన కొడుకూ కూతురూ, నాన్న మొండితనం మానేశాడని సంతోషించి వెళ్లారు.

చిట్టి తనను పై అంతస్తుకు మార్పించమని వదినను అడిగింది.

"మారుస్తారులే," అంది వదిన దుప్పటి దులుపుతూ. "కానీ చిట్టీ, అక్కడ మాత్రం ఉన్నది ఈ కమ్మీల మంచాలే కదా."