గుండ్రటి అర్జీ

భీమయ్యను జబ్బ పట్టుకొని ఈడ్చుకుపోతుంటే అరవై మంది కూలీలు చూస్తూ నిలబడ్డారు. ఒక్కరూ కదలలేదు. పోశయ్యా కదలలేదు. క్యాంపు మేనేజరు, కూలీల మాటలో ముదీర్, అతన్ని ఆఫీసు పక్క గదిలో వేసి తాళం పెట్టించాడు. శుక్రవారం సాయంత్రం విమానం. ఆ తర్వాత వీసా ఖలాస్.

చేసిన నేరం ఒక్కటే. నీళ్ళ అర్జీ మీద అందరికంటే పైనున్న వేలిముద్ర భీమయ్యది.

అరబ్బు ఎడారిలో, ముసఫ్ఫా అవతలి ఆ క్యాంపుకు వచ్చే మంచినీళ్ళ ట్యాంకర్ ముందు అమెరికా ఇంజనీర్లు తమ దేశపు ఫుట్‌బాల్ ఆడే మైదానానికి పోయేది. దుమ్ము లేవకుండా ఇసుక తడిపాక మిగిలితే కూలీలకు. మిగలకపోతే ఉప్పునీళ్ళే. అందుకే అర్జీ రాయించారు. "పెద్దమనిషివి, నీదే ముందుండాలె" అని భీమయ్య బొటనవేలు పట్టుకొని అద్దించింది పోశయ్యే. మర్యాద చేశామనుకున్నారు. ముదీర్‌కు మాత్రం అది నాయకుణ్ణి పట్టిచ్చిన కాగితమైంది.

ఆ వేలి వేడి ఇంకా తన చేతిలోనే ఉన్నట్టుంది పోశయ్యకు.

గురువారం మధ్యాహ్నం మైదానానికి పోయాడు. మరునాటి ఆటకు సున్నంతో గీతలు వేయడం అతని పని. వంద గజాల నేల, ఐదేసి గజాలకు ఒక గీత. కొలతలు చూసే అమెరికా సర్వేయర్ డేల్ పాత పేపరు ఒళ్ళో పెట్టుకొని దిగులుగా కూచున్నాడు. ట్యాంకర్ డ్రైవర్ షావలి పైపుతో ఇసుక తడుపుతున్నాడు.

"ఈయనకేమైంది షావలీ? ఎవలన్న సచ్చిండ్రా?"

"వాళ్ళ దేశంల ఆట బందయింది మియా. ఆటగాళ్ళు హర్తాళ్ జేస్తున్నరు. నెల దాటిందట."

"ఆడుకునేటోళ్ళకు గూడ హర్తాళా?"

"నీకు సున్నం పోసుడు పనైతే వాళ్ళకు ఆడుడు పని."

డేల్ తల ఎత్తాడు. తన ఊరి పక్కనే గ్రీన్ బే అనే చిన్న పట్నం ఉందనీ, అక్కడి జట్టు కథ వేరనీ చెప్పుకొచ్చాడు. షావలి తెలుగులో విడమరిచి చెప్పాడు. మాంసం డబ్బాలకెత్తే కార్ఖానా చొక్కాలు కొనిస్తే మొదలైన జట్టు అది. ఆడినన్నాళ్ళు ఆడి, వానలు పడి జనం రాక, మూతపడే దాకా వచ్చింది. అప్పుడు ఊళ్ళోవాళ్ళు తలా ఒక వాటా కొన్నారు. లాభం రాదని తెలిసే కొన్నారు. వాటా కాగితం గోడకు తగిలించుకుంటారు, అంతే. అరవై ఏళ్ళయినా ఆ జట్టు ఆ ఊరు దాటిపోలేదు.

"మరి దానికి మాలిక్ ఎవలు?"

"మాలిక్కే లేడట. ఒక్కనిదైతే వాణ్ణి బెదిరియ్యొచ్చు, కొనొచ్చు. వేలమందిదైతే ఎవన్ని పట్టుకుంటరు?"

"ఊరోళ్ళదైతే ఆటగాళ్ళెందుకు ఆపిండ్రు?"

షావలి డేల్‌ను అడిగి, జవాబు విని నవ్వాడు. "జట్టు ఊరోళ్ళదేనట. విరిగే కాళ్ళు మాత్రం ఆటగాళ్ళవట."

పోశయ్య సున్నం బకెట్ కింద పెట్టాడు. "ఈ ఇసుకల పోసేది మేం తాగే నీళ్ళని, అర్జీల ముందు వేలు వెట్టినోన్ని తాళంల ఏసిండ్రని ఆయనకు చెప్పు."

షావలి చెప్పాడు. డేల్ తడిసిన నేలకేసి చాలాసేపు చూశాడు. పోతూ పోతూ తన సంచిలోంచి పెద్ద డ్రాయింగు కాగితం ఒకటి, ముద్రలు వేసే సిరాడబ్బా ఒకటి బకెట్ పక్కన పెట్టిపోయాడు.

పొద్దు గూకే వేళ అరవై మందీ బ్యారక్‌లో చేరారు.

"భీమయ్య పని ఖలాస్. రేపు మన పని ఖలాస్ చేస్తరు" అన్నాడు పోచన్న. "ఊకుండరాదుండ్రి!"

"ఊకుంటే నీళ్ళొస్తయా?"

"నీళ్ళు లేకున్నా బతుకుతున్నం గద!"

"గిదొక బతుకా? పొద్దంత కాంక్రీటు మోసి ఉప్పునీళ్ళు తాగుడు!"

అరుపుల మధ్య పోశయ్య మెస్సులో పిండి పిసికే పెద్ద పళ్ళెం తెచ్చి కాగితం మీద బోర్లించాడు. చుట్టూ పెన్సిలుతో గీసి, లోపల నీళ్ళ అర్జీని కూడా గుండ్రంగానే రాయించాడు.

"పోచన్నా, గీ గీతకు మొదలేదో, కొస ఏదో చూపియ్యి."

పోచన్న వంగి చూశాడు. అటు తిరిగి చూశాడు, ఇటు తిరిగి చూశాడు. "పళ్ళేన్ని గూడ లీడర్ను జేసినవ్ గదనే" అని నవ్వి, బొటనవేలు సిరాలో ముంచాడు.

గీత పొడుగునా వేళ్ళు పడ్డాయి. ఒక్క వేలు సందు మిగిలింది. పోశయ్య కాగితం ఆఫీసు గది కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. ముసలి పఠాన్ చౌకీదార్ చూశాడు. చూసి, నమాజు చాప దులుపుకుంటూ అటు తిరిగాడు. ఊచల్లోంచి భీమయ్య చెయ్యి బయటికొచ్చింది.

"ఈపాలి నన్నేడ పెడుతున్నవ్‌రా?"

"అందరి నడుమ, కాకా."

శుక్రవారం మైదానంలో ఒక్క గీతా లేదు. గీత క్యాంపు గేటు ముందు రోడ్డుకు అడ్డంగా ఉంది. చేతి వెడల్పున, తెల్లగా. దాని మీద అరవై మంది కూచున్నారు. భీమయ్యను ఎక్కించుకొని బయల్దేరిన జీపు ఆ గీత ముందు ఆగింది.

ముదీర్ దిగాడు. పోశయ్య కాగితం అందించాడు.

"పహ్లా అంగూఠా కిస్కా హై?" మొదటి వేలిముద్ర ఎవరిదని గద్దించాడు ముదీర్.

"తిప్పు సాబ్. నీ చెయ్యి యాడ ఆగితే ఆడ మొదలు."

ముదీర్ కాగితాన్ని ఒకసారి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"స్టీరింగ్ లెక్క తిప్పుతున్నడు" అన్నాడు పోచన్న. వరుసంతా గొల్లున నవ్వింది.

"సబ్ ఖలాస్! అందర్నీ పంపిస్తా! పోలీస్!" అరిచి ముదీర్ ఆఫీసులోకి, ఫోను దగ్గరికి ఉరికాడు.

అప్పుడే ట్యాంకర్ వచ్చింది. మైదానం వైపు తిరగాల్సిన చోట తిరగలేదు. తిన్నగా గేటు దాకా వచ్చి ఆగింది. షావలి దిగి, పైపు తెచ్చి క్యాంపు డ్రమ్ములో పెట్టాడు. తాళంచెవి జేబులో వేసుకొని, వరుస చివర కూచున్నాడు.

జీపు డ్రైవర్ ఇంజను ఆపాడు. భీమయ్య తన సంచి తీసుకొని దిగొచ్చాడు. పెద్దమనిషివి, ముందు కూచో అని ఈసారి ఎవరూ అనలేదు. నడుమ ఇద్దరు జరిగి చోటిచ్చారు.

ఎవరో గ్లాసుతో నీళ్ళు తెచ్చారు. భీమయ్య ఒక్క గుక్క తాగి పక్కవాడికిచ్చాడు. గ్లాసు వరుస వెంట కదిలింది. దూరాన పోలీసు బండ్ల దుమ్ము లేచింది.

ఒక్కరూ లేవలేదు.